ఏడవ నిజాము: బిరుదము, సొత్తు, వ్యాజ్యములు

ఇబ్రహీంపట్టణపు సీమ పూర్వము అత్రాఫ్ బల్దా జిల్లాలో చేరియుండెను. హైదరాబాదు నగరమును నలుదెసల చుట్టియున్నందున ఆ జిల్లాకు ఆ పేరు కలిగినది. జాగీరు గ్రామములను, పాయిగా గ్రామములను మినహాయించినచో, అచ్చటి రైతు కట్టిన శిస్తు రాజ్యపు ఖజానాకు పోలేదు. సర్ఫేఖాసు ఖజానాకు, అనగా ప్రభువు సొంత పెట్టెకు పోయెను. రాజ్యపు భూమి దివానీ. ప్రభువు భూమి సర్ఫేఖాసు. ఈ రెంటి నడుమ గీత ఎచ్చట గీయవలెనను ప్రశ్న ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను బ్రతుకంతయు ఆయనను వెన్నంటియుండెను. ఆయన కన్నుమూసిన పిమ్మట అర్ధశతాబ్దికి పైగా అదియే హైదరాబాదు, ఢిల్లీ, లండను న్యాయస్థానములలో నలిగినది. ఆయన చరిత్రమును మేము ఈ ఒక్క వైపు నుండియే చూడదలచితిమి. ఆయన కట్టడములను గూర్చియు, లోభమును గూర్చియు వాడుకలోనున్న కథలు పాఠకులకు క్రొత్తవి కావు.

ఊరి పేరు నిజాములది కాదు. 1550 మొదలు 1580 వరకు గోలకొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరిటిది. మన కవులు ఆయనను మల్కిభరాముడని పిలిచిరి; అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను. ఆ ప్రభువు ధనరాసుల కొరకు నేడు దావా వేయువాడెవ్వడును లేడు.

మీర్ ఉస్మాన్ అలీఖాను 1886 ఏప్రిల్ 6వ తేదీన జన్మించెను. తండ్రి మహబూబ్ అలీఖాను 1911 ఆగస్టు 29వ తేదీన మరణింపగా ఇరువదియైదవ యేట గద్దెనెక్కెను. మొదటి యూరపు యుద్ధమున ఇంగ్లీషువారికి ధనసహాయము చేసినందులకు ఆయనకు 1918లో హిస్ ఎగ్జాల్టెడ్ హైనెస్ అను బిరుదము లభించెను. భారత సంస్థానాధీశులలో మరెవ్వరికిని అట్టి గౌరవము లేకుండెను. ఆ యేటనే ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినది; 1931లో నిజాంసాగరు పూర్తియయ్యెను. ఇవి మేలుపనులే, వానిని మేము కాదనము. కాని వానికైన వ్యయము రాజ్యపు రాబడి నుండి వచ్చినది. అనగా రైతుల పన్నులనుండి వచ్చినది. రాజ్యపు వైశాల్యము 82,698 చదరపు మైళ్లు. అందు ప్రభువు సొంత సర్ఫేఖాసు 8 వేల చదరపు మైళ్లకు పైబడి, రాజ్యములో ఇంచుమించు పదవ వంతుగా నుండెను. 1937లో ఒక అమెరికా వారపత్రిక ముఖపత్రముపై ఆయన బొమ్మ వేసి, లోకములోకెల్ల ధనవంతుడని చాటినపుడు, అందెంత ప్రభువుది, ఎంత రాజ్యముది యని అడిగినవారు లేరు. అడుగవలసిన అవసరము అప్పటికి కలుగలేదు. ప్రభువే రాజ్యము, రాజ్యమే ప్రభువు.

ఆ అవసరము 1948 సెప్టెంబరులో ఒక్క వారములో వచ్చి పడినది. భారతసైన్యము 13వ తేదీన ప్రవేశించెను. 17వ తేదీన హైదరాబాదు లొంగిపోయెను. సరిగా ఆ దినములలోనే, విదేశమున నుండిన నిజాము మంత్రి మొయిన్ నవాజ్ జంగు, లండనులోని వెస్ట్‌మినిస్టరు బ్యాంకులో నిజాము ప్రభుత్వపు పేరిట నుండిన 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులను పాకిస్థాను హైకమీషనరు రహీంతులా పేరిటికి మార్పించెను. ఆ మార్పు సెప్టెంబరు 20వ తేదీది. వారము తిరుగకమునుపే నిజాము, అది తన అనుమతి లేక జరిగినదనియు, సొమ్మును తిరిగి తన ఖాతాలో చేర్పుడనియు బ్యాంకునకు తంతి పంపెను. బ్యాంకు వినలేదు. ఎవరి సొమ్మో తేలువరకు పెట్టెకు తాళము వేసి కూర్చుండెను. ఆ తాళము 71 సంవత్సరములు తీయబడలేదు. ఆ కథ మరల చెప్పెదము.

సర్ఫేఖాసు కథ ఇంత దీర్ఘమైనది కాదు. 1949 ఫిబ్రవరిలో వెలువడిన ఫర్మానాతో ఆ భూములన్నియు దివానీలో కలిసిపోయెను. అత్రాఫ్ బల్దా జిల్లా బాఘాతు జిల్లాతో కలిసి హైదరాబాదు జిల్లాయయ్యెను. ఇబ్రహీంపట్టణము ఆ జిల్లాలో తాలూకా కేంద్రమైనది. రంగారెడ్డి జిల్లా వేరుపడినది 1978లో. ఆ యేడు ఆగస్టులోనే జాగీరులను రద్దుచేసిన శాసనము వచ్చెను — ఆ యేడనగా 1949, పాఠకులు పొరబడరాదు. 1950 జనవరి 25వ తేదీన భారత ప్రభుత్వమునకును నిజామునకును ఒడంబడిక జరిగెను. సాలుకు 50 లక్షల రాజభరణము, పోయిన సర్ఫేఖాసునకు ప్రతిఫలముగా 25 లక్షలు, భవనముల పోషణకు 25 లక్షలు. నిజాము సొంతమని ఒప్పుకొన్న ఆస్తులన్నియు ఒక పట్టికలో వ్రాయబడినవి. దానినే బ్లూబుక్ అని న్యాయవాదులు పిలుతురు. మరునాటి నుండి ఆయన రాజప్రముఖుడు. 1956లో రాష్ట్రము విడిపోవు వరకు ఆ పదవి నిలిచెను.

ఇచ్చట ఆయన తెలివిని మెచ్చక తప్పదు. రాజ్యము చేజారిన మూడు నెలలకే, 1950 మే 10వ తేదీన, కుటుంబపు ట్రస్టు అను దస్తావేజు వ్రాయించి 9 కోట్ల రూపాయల ప్రభుత్వ సెక్యూరిటీలను ధర్మకర్తల చేతిలో పెట్టెను. ఆ మొత్తమును 175 భాగములుగా లెక్కించి, భార్యలకును బిడ్డలకును బంధువులకును ఎవరి భాగము వారికి వ్రాసెను. తరువాత నగల ట్రస్టు, మనుమల ట్రస్టు, ధర్మకార్యముల ట్రస్టు, మతకార్యముల ట్రస్టు ఒకదాని వెంట నొకటి వెలసెను. ఇట్టి దస్తావేజులు ఇన్ని వ్రాయించిన ప్రభువు భారతదేశములో మరియొకడు కలడని మేమెరుగము.

దీనికి కారణము లోభము మాత్రమే కాదు. ముస్లిము ధర్మశాస్త్రము ప్రకారము ఎవ్వడును తన ఆస్తిలో మూడవవంతుకు మించి వీలునామా వ్రాయరాదు. ఆ మూడవవంతునైనను తక్కిన వారసులు సమ్మతింపనిదే ఒక వారసునకు కట్టబెట్టరాదు. మిగిలినది శాస్త్రము చెప్పిన పాళ్లలో చీలిపోవును. కొడుకునకు రెండు పాళ్లు, కూతురునకు ఒకటి. నిజామునకు ముప్పదికి పైబడిన సంతానము. ఆస్తిని అట్లే వదలినచో నూరు ముక్కలగుట నిశ్చయము. కాని తాను బ్రతికియుండగనే ధర్మకర్తలకు అప్పగించిన సొత్తు మృతుని ఆస్తి కాదు. దానికి పంపకము లేదు. మన పల్లెలలో దేవుని మాన్యమును ఎరిగిన వారికి ఈ సంగతి సులభముగా బోధపడును. అర్చకత్వము తండ్రి నుండి కొడుకునకు వచ్చును. మాన్యము మాత్రము దేవునిదే. అర్చకుడు దాని ఫలమును అనుభవించునే కాని అన్నదమ్ములతో పంచుకొని అమ్ముకొనజాలడు. నిజాము తన గద్దెను అర్చకత్వమువలెను, ధనమును మాన్యమువలెను చేయజూచెనని చెప్పవచ్చును. అయితే దేవుని స్థానమున తన వంశమునే నిలుపుకొనెను.

ఆయన ఇచ్చినట్లు కనబడిన చోట్ల గూడ దస్తావేజు తప్పదు. 1965లో పాకిస్థానుతో యుద్ధము జరిగినపుడు దేశమునకు 5,000 కిలోల బంగారము దానము చేసెనను మాట నేటికిని తిరుగుచున్నది. జరిగినది వేరు. 425 కిలోల బంగారమును రక్షణ బంగారు బాండ్లలో పెట్టెను. దానికి నూటికి ఆరున్నర వడ్డీ. అదియు దేశమునకు ఉపకారమే. దానము మాత్రము కాదు.

ఇక గద్దె మాట. జ్యేష్ఠపుత్రుడు ఆజంజాను కాదని, ఆయన కుమారుడు ముకర్రంజాను నిజాము తన తరువాతి వానిగా నిర్ణయించెను. ముకర్రంజా తల్లి దుర్రుషెహవారు తురుష్కుల కడపటి ఖలీఫా కుమార్తె. ఆమె పెండ్లి 1931లో ఫ్రాన్సు దేశపు నీసు నగరమున జరిగెను. 1967 ఫిబ్రవరి 24వ తేదీన నిజాము కింగ్‌కోఠీలో మరణించెను. భారత ప్రభుత్వము ముకర్రంజాను వారసునిగా గుర్తించెను. ఏప్రిల్ 6వ తేదీన, తాతగారి జన్మదినమున, చౌమహల్లాలో పట్టాభిషేకము జరిగెను. కాని ప్రభుత్వపు గుర్తింపులో ఒక మాట అధికముగా పడినది. ఆయన గద్దెకు మాత్రమే కాక, మృతుని సొంత ఆస్తులన్నిటికిని ఏకైక వారసుడని వ్రాసిరి.

నిజాము కుమార్తె యొకరు ఆంధ్రప్రదేశ్ హైకోర్టునకు పోయి దీనిని ప్రశ్నించిరి. ఆ తీర్పు 1969 నాటి చట్టనివేదికలలో అచ్చుపడినది. పాలకుని గుర్తించు అధికారము రాష్ట్రపతికి కలదు. అది గద్దెకును రాజభరణమునకును చెల్లును. ఒక మృతుని సొంత ఆస్తికి వారసుడెవ్వడో నిర్ణయించు అధికారము అందు లేదని న్యాయమూర్తులు తేల్చిరి. ఢిల్లీలో వేసిన ముద్రతో ఒక ఆడబిడ్డ పాలు తుడిచివేయబడరాదని దీని తాత్పర్యము. మా అభిప్రాయమున నిజాము ఆస్తుల వ్యాజ్యములన్నిటిలో సామాన్య కుటుంబములకు పనికివచ్చు తీర్పు ఇదియే. పెద్దకొడుకు తలపాగా కట్టుకొన్నందున పొలమంతయు తనదేనని వాదించిన ఇండ్లు మన జిల్లాలలో తక్కువ కావు.

ఆ తలపాగా కూడ చిరకాలము నిలువలేదు. 1971 డిసెంబరులో 26వ రాజ్యాంగ సవరణ రాజభరణములను, పాలకుల గుర్తింపును తీసివేసెను. గద్దె చట్టములో లేకపోయెను. ట్రస్టులు మాత్రము చట్టములో నిలిచెను, వానితోపాటు పన్నులును నిలిచెను. కుటుంబపు ట్రస్టు ధర్మకర్తలపై సంపద పన్ను ఎట్లు వేయవలెనను వివాదము సుప్రీముకోర్టు వరకు పోయి 1977లో తీర్పు వచ్చినది. ధర్మకర్తల చేతిలోనున్న మొత్తమును ఒక్కని సొత్తుగా ఎంచి పన్ను బాదరాదు. ఏ లబ్ధిదారుని భాగమునకు ఎంత పన్ను రావలెనో అంతయే ధర్మకర్త నుండి రాబట్టవలెనని అందు నిర్ణయించిరి. పన్నుల కచ్చేరీలతో పరిచయమున్న వారు ఈ తీర్పును నేటికిని ఉదాహరింతురు.

నగల సంగతి జనమునకు ఎక్కువ ప్రియమైనది. తానును ఆజంజాయు జీవించియున్నంతకాలము నగలను అమ్మరాదని నిజాము కట్టుబాటు చేసియుండెను. ఆజంజా 1970లో మరణించెను. ఆ పిమ్మట ధర్మకర్తలు అమ్మకమునకు పూనుకొనగా, దేశపు నిధి విదేశముల పాలగుననియు, ధర చాలదనియు కోర్టులలో అడ్డంకులు కలిగెను. ప్రభుత్వము తానే కొందుననెను, ధర తెగలేదు, మధ్యవర్తులకు విడిచిరి. తుదకు 1995 జనవరిలో 173 నగలను 218 కోట్ల రూపాయలకు భారత ప్రభుత్వము కొనెను. 184.75 కారట్ల జాకబు వజ్రము వానిలోనిదే. తండ్రి చెప్పులో దొరకిన ఆ రాతిని నిజాము కాగితములు ఎగిరిపోకుండ బరువుగా పెట్టుకొనెనని చెప్పుదురు. అది నేడు రిజర్వు బ్యాంకు భద్రతలో నున్నది. ఈ ఇరువది యేండ్లకు పైబడిన కాలములో భాగస్థులు పలువురు మరణించిరి. వారి బిడ్డలు వారి భాగములకు భాగస్థులైరి.

లండను పెట్టెకు మరల వత్తము. 1954లో నిజాము అక్కడ దావా వేసెను. పరరాజ్యమును దాని సమ్మతి లేక తమ కోర్టున నిలబెట్టరాదను నియమమును పాకిస్థాను అడ్డుపెట్టెను. నడిమి కోర్టు నిజాము పక్షము పలికినను, 1957లో ప్రభువుల సభ పాకిస్థాను అడ్డంకిని అంగీకరించి దావాను నిలిపివేసెను. సొమ్ము ఎవరిదో తేలలేదు. తేల్చుటకు వీలు లేదని మాత్రమే తేలినది. నిజాము అంతటితో ఊరకుండలేదు. ఆ సొమ్ముపై తనకుగల హక్కును 1963లో ఇద్దరు మనుమలు ముకర్రంజా, ముఫఖంజాల నిమిత్తము ట్రస్టులో పెట్టెను. 1965లో భారత రాష్ట్రపతి పేరిటను ఒక బదిలీపత్రము వ్రాసెను. చేతిలో లేని సొమ్మునకు రెండు దస్తావేజులు! ఆయన సంగతి తెలిసినవారికి ఇది వింత కాదు.

2013లో పాకిస్థాను తానే బ్యాంకుపై దావా వేసెను. తాను వాదిగా కోర్టు గడప త్రొక్కిన రాజ్యము మరల ఆ పాత అడ్డంకిని వాడుకొనజాలదు. ఇట్లు ద్వారము తెరువబడినది. అప్పుడు లేచిన ప్రశ్నలు రెండు. సొమ్ము హైదరాబాదు రాజ్యముదా, నిజాముదా? పాకిస్థానునకు అది దానముగా ముట్టినదా, లేక ఒకరి కొరకు మరియొకరు దాచినదా? హైదరాబాదునకు చేరవేసిన ఆయుధములకు అది మూల్యమని పాకిస్థాను వాదించెను. 1948లో ఆస్ట్రేలియా వైమానికుడు సిడ్నీ కాటను ఆయుధములను దొంగచాటుగా విమానములపై చేర్చినమాట నిజమే. కాని ఆ ఆయుధములకును ఈ సొమ్మునకును సంబంధము రుజువు కాలేదని న్యాయమూర్తి మార్కస్ స్మిత్ కనుగొనెను. 2019 అక్టోబరు 2వ తేదీన ఇచ్చిన తీర్పులో, హైకమీషనరు చేతికి వచ్చిన సొమ్ము నమ్మకముపై ఉంచబడినదేననియు, దాని నిజమైన యజమాని ఏడవ నిజామేననియు, ఆయన ద్వారా హక్కు చెప్పుకొను మనుమలకును భారతదేశమునకును అది చెందుననియు నిర్ణయించెను. పది లక్షల పౌండ్లు అప్పటికి మూడున్నర కోట్ల పౌండ్లయ్యెను. భారతదేశమును మనుమలును తమలో తాము ముందే రాజీపడియుండిరి. ఇతర వారసులు 2020లో మరల తెరువజూచిన తలుపును కోర్టు తెరువలేదు.

దీనిలోని విపర్యయమును గమనింపకుండుట కష్టము. ముప్పదియేడు సంవత్సరములు రాజ్యపు భూమిలో పదవ వంతును సొంత పెట్టెలో వేసికొన్న ప్రభువు, ప్రభుత్వపు పేరిట నుండిన ఒక ఖాతాను తనదని నిరూపించుకొనుటకు, తన మరణానంతరము 52 సంవత్సరములు ఆగవలసివచ్చెను. ఆ ఖాతాలోని డబ్బు మొదట ఎవరి శిస్తులనుండి కూడినదను ప్రశ్న ఏ కోర్టులోను లేవలేదు. లేవదు కూడ, రైతు ఆ దావాలో వాది కాడు, ప్రతివాది కాడు.

ముకర్రంజా 2023 జనవరి 14వ తేదీన ఇస్తాంబులులో మరణించెను. మక్కామసీదులో ఆయనను ఖననము చేసిరి. చట్టములో లేని గద్దెకు తొమ్మిదవ వారెవరను విషయమున కుటుంబములో ఒక వర్గము ఒకరిని, మరియొక వర్గము వేరొకరిని ప్రకటించుకొనిరి. దీనిపై మేము చెప్పవలసినది లేదు.

ఇబ్రహీంపట్టణములోను, చుట్టుపట్ల గ్రామములలోను వ్యాజ్యములు వేరు రకమువి. నగరము పెరిగి, ఎకరము ధర లక్షలు దాటి కోట్లకు ఎక్కిన నాటినుండి, పాత ఉర్దూ కాగితములకు విలువ వచ్చినది. సర్ఫేఖాసు భూమి తమ పూర్వులదనువారు, పాయిగా వారసులమనువారు, వారివద్ద కొంటిమనువారు రంగారెడ్డి జిల్లా కోర్టులలో కనబడుచుందురు. ఎదుటి పక్షమున 1950 నాటి కౌలుదారీ చట్టము క్రింద రక్షితకౌలుదారులై, తరువాత 38-ఇ సెక్షను ప్రకారము హక్కుపత్రము పొందినవారి బిడ్డలు నిలబడుదురు. బిరుదముతోను ఇనాముతోను ముడిపడిన వారసత్వమును తేల్చుటకు 1952లో అతియాతు విచారణల చట్టము ఏర్పడినది. అక్కడ గెలిచిన వానికి పరిహారములో భాగము రావచ్చునే కాని, దున్నువాని పొలము రాదు. ఇంత స్పష్టమైన సంగతి ఒక్కొక్క కుటుంబమునకు తెలియుటకు రెండు తరములు పట్టుచున్నది. ఈలోగా వకీలు ఫీజులకు ఎడ్లు పోయినవి, కొన్నిచోట్ల పొలమే పోయినది.

ఆ ప్రాంతపు రైతులకు మేము చెప్పదగినది కొంచెమే. ఎవరైనను నిజాముగారి పేరిటి కాగితము చూపి భూమి తమదన్నచో, మొదట అడుగవలసినవి రెండే ప్రశ్నలు. ఆ సర్వేనంబరు 1950 ఒడంబడికతో చేరిన పట్టికలో నున్నదా? 1949 ఫర్మానా నాటికి అది సర్ఫేఖాసులోనిదైనచో, దివానీలో కలిసిన భూమి మరల సొంతమెట్లయ్యెను? జవాబు వచ్చువరకు వ్రేలిముద్ర వేయవలదు.